అన్నం మిగిలిన పూట ఎవరు అడగాలి?

హాస్టల్ పిల్లలకు జబ్బు చేస్తే మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఎంతమంది ఆసుపత్రిలో చేరారు, ఎంతమందికి సెలైన్లు ఎక్కించారు, ఏ అధికారి వచ్చి పరామర్శించారు, ఎవరిని సస్పెండ్ చేశారు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ జబ్బు సంగతి అందరికంటే ముందు ఎవరికి తెలిసింది, తెలిసిన రోజుకూ ఏదో ఒకటి చేసిన రోజుకూ నడుమ ఎన్ని రోజులు గడిచాయి అన్నది మాత్రం ఏ వార్తలోనూ కనపడదు. మా దృష్టిలో అసలు వార్త అదే. వార్షికోత్సవ సంచికలో కవితలూ, జోకులూ, వార్డెన్ గారి సందేశమూ ఉండాల్సిన చోట ఈ రోగాల గోల ఏమిటని తమ్ముళ్లు విసుక్కోవద్దు. నాలుగు గోడల మధ్య వందా నూటయాభై మందిమి ఒకే ట్యాంకు నీళ్లు తాగి, ఒకే గుండిగలో వండింది తిని పెరిగేవాళ్లం మనం. ఈ సంగతి మనం మాట్లాడుకోకపోతే మన తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

మేము డాక్టర్లం కాము. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. దాంతో వచ్చిన తంటా ఏమిటంటే, ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ల్యాబు కాగితం పట్టుకొని మా దగ్గరికే వస్తారు. "పెద్ద చదువు చదివావు కదరా అబ్బాయా, ఇందులో ఏముందో చూసి చెప్పు" అంటారు. చదివేది ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, మందుల చదువు కాదు పెద్దమ్మా అన్నా వినరు. అయితే లెక్కలు చదువుకున్నందుకు మాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఏ అంటురోగాన్నైనా మొదట పట్టుకునేది ఒకే బాధ ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చిందని గమనించి లెక్కపెట్టిన మనిషి. మందూ, పరీక్షా, పెద్ద డాక్టరూ ఆ తర్వాత వస్తారు. ఆ మనిషి ఎవరైనా కావచ్చు. చదువు రానివాళ్లు కూడా కావచ్చు.

మేము పదో తరగతి చదివేటప్పుడు ఉన్న హాస్టల్లో ఆ మనిషి వంట చేసే ఆయమ్మ. ఆ హాస్టల్ పేరు, ఊరి పేరు ఇక్కడ రాయం. ఎవరినో ఇరికించడం మా ఉద్దేశం కాదు. స్ట్రెంత్ ప్రకారం పూటకు ఇన్ని కిలోల బియ్యమని కొలిచి పోస్తారు కదా, ఆ కొలత ఆయమ్మకు చేతిలోనే ఉండేది. దసరా సెలవులయ్యాక కొన్నాళ్లకు రోజూ అడుగున అన్నం మిగలడం మొదలైంది. ఆయమ్మ వార్డెన్ గారితో అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. "సారూ, నాలుగు రోజుల్నుంచి అన్నం మిగిలిపోతంది. పిల్లకాయలు సరిగా తినట్లా. కూర బాగలేక కాదు, గుడ్డు పెట్టిన పూట కూడా మిగులుద్ది." సార్‌కు ఆ నెలలో రెండు హాస్టళ్ల ఇన్‌ఛార్జి. "బయట బజ్జీలు తిని వచ్చుంటారులే" అన్నారాయన. అన్నం తీసుకెళ్లి బర్రెల కుడితిలో పోశారు.

తర్వాత పది పన్నెండు రోజులకు ఒకడి కళ్లు పచ్చబడ్డాయి. వాణ్ణి ఇంటికి పంపారు. వాళ్లమ్మ పసరు తాగించింది. వారం తిరక్కుండా ఇంకో ఇద్దరు, వాళ్లనూ ఇంటికి పంపారు. ఒకడు కొండపి వైపు, ఒకడు పొదిలి వైపు, ఒకడు వాళ్లమ్మ కూలికి వెళ్లిన చోటికి. ఎవరి ఊళ్లో వాళ్లు ఒక్కొక్కరుగా పచ్చకామెర్ల రోగులు. ఏ ఊరి ఆరోగ్య కేంద్రంలో చూసినా కేసు ఒక్కటే. పందొమ్మిది మందికి వచ్చిందని తెలిసింది మాకే. అదీ సంక్రాంతి సెలవులకు వెళ్లి వచ్చాక, ఒకరినొకరు అడిగి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే తేలింది. అప్పటికి నీళ్ల సంపు పక్కనే మరుగుదొడ్ల కాలువ పగిలి ఉన్న సంగతి కూడా బయటపడింది. సంపును బాగుచేశారు. ఎవరికీ ప్రాణాపాయం కాలేదు. కానీ ఆ ఏడాది పరీక్షల ముందు రెండు నెలలు మంచాన పడి, మళ్లీ బడి ముఖం చూడని మా నేస్తం ఒకడు ఇవాళ చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పని చేస్తున్నాడు. లెక్కల్లో మాకంటే గట్టివాడు.

ఇందులో గమనించాల్సిన విషయాలు రెండున్నాయి. నీళ్ల ద్వారా వచ్చే పచ్చకామెర్లలో, ముఖ్యంగా హెపటైటిస్ ఏ లో, కళ్లు పచ్చబడడం మొదటి లక్షణం కాదు. అంతకు కొన్ని రోజుల ముందే ఆకలి చచ్చిపోతుంది, వికారంగా ఉంటుంది, ఒళ్లు బరువెక్కుతుంది. ఆ రోజుల్లోనే రోగి నుంచి వైరస్ ఎక్కువగా బయటకు పోతుంది. కలుషితమైన నీళ్లు తాగిన రెండు వారాల నుంచి ఏడు వారాల లోపు, సగటున నాలుగు వారాలకు జబ్బు బయటపడుతుంది. అంటే డాక్టరు కళ్లు చూసి చెప్పగలిగిన దానికంటే ముందే ఆయమ్మ గుండిగ చూసి చెప్పింది. ఆమె చెప్పినది ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు, అంతే తేడా.

రెండోది మన హాస్టళ్లకే ప్రత్యేకమైనది. జబ్బు చేసిన పిల్లవాణ్ణి ఇంటికి పంపడం మనకు అలవాటు. అమ్మ దగ్గర ఉంటే త్వరగా కోలుకుంటాడని మంచి మనసుతోనే పంపుతారు, కాదనం. కానీ పిల్లవాడితో పాటు లెక్క కూడా వెళ్లిపోతుంది. ఒకచోట కుప్పగా ఉంటే కంటికి ఆనేది, పది ఊళ్లకు చెదిరిపోతే ఆనదు. కేంద్ర ప్రభుత్వం 2004లో వ్యాధుల నిఘా కార్యక్రమం మొదలుపెట్టి, ఏఎన్ఎంలు లక్షణాలు రాసి పంపే ఎస్ ఫారం, డాక్టర్లు పంపే పి ఫారం, ల్యాబులు పంపే ఎల్ ఫారం అని మూడు రకాలు పెట్టింది. వారం వారం ఆ లెక్కలు జిల్లాకు వెళ్లేవి. తర్వాత అది కంప్యూటర్లోకి మారింది. మంచి ఏర్పాటే. కానీ హాస్టల్ నుంచి ఇంటికి పోయి పసరు తాగే పిల్లవాడు ఆ మూడు ఫారాల్లో దేనిలోకీ రాడు.

లెక్కపెట్టడం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకు లండన్ సంగతి చెప్పాలి. 1854 ఆగస్టు చివర సోహో ప్రాంతంలో కలరా వచ్చి పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్ల కలరా వస్తుందని అప్పటి పెద్ద డాక్టర్లందరి నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం నీళ్లను అనుమానించాడు. ఆయన చేసిన మొదటి పని ఏమిటంటే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి మరణాల జాబితా తెచ్చుకోవడం. ఆ చిరునామాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగితే, చనిపోయినవాళ్లలో చాలామంది బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న చేతిపంపు దగ్గరివాళ్లని తేలింది. జబ్బు రానివాళ్లను కూడా లెక్కపెట్టాడాయన. అదీ గొప్ప సంగతి. ఆ పక్కనే పేదల వర్క్‌హౌస్ ఉంది. అదీ ఒకరకంగా మనలాంటి హాస్టలే. అందులో 535 మంది ఉంటే కలరాతో చనిపోయింది 5 మంది. వాళ్లకు సొంత బావి ఉంది. దగ్గర్లోని బీరు కార్ఖానా కూలీలు ఎవరూ చనిపోలేదు. వాళ్లు పంపు నీళ్లు ముట్టేవాళ్లు కాదు. స్నో ఈ లెక్క తీసుకెళ్లి పారిష్ పెద్దల ముందు పెట్టాడు. వాళ్లకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీయించారు.

అప్పటికే కలరా తగ్గుముఖం పట్టిందని స్నోనే రాసుకున్నాడు కాబట్టి పిడి తీయడంతోనే ఊరు బతికిందని మేము అనం. మాకు నచ్చింది వేరు. కలరా క్రిమిని కోచ్ గుర్తించింది 1880ల్లో. అంటే దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత. ఆ పారిష్ పెద్దలు ముప్ఫై ఏళ్లు ఆగలేదు. పిడి తీస్తే పోయేది ఏమిటి? జనం నాలుగు అడుగులు ఎక్కువ నడిచి ఇంకో పంపు దగ్గరికి పోతారు. తీయకపోతే పోయేది ఏమిటి? ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటే చాలు, క్రిమి పేరు తెలియకపోయినా నిర్ణయం తీసుకోవచ్చు.

మన దగ్గర కూడా అలాంటి రోజులు వచ్చాయి. 2020 డిసెంబరు 5న ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. వాంతులు, నోట నురగ, కొన్ని నిమిషాలు స్పృహ లేకపోవడం. వన్‌టౌన్‌లో మొదలై మిగతా పేటలకు పాకింది. వారం పది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు, ఒకరు చనిపోయారు. కోవిడ్ పరీక్ష చేస్తే లేదు. మున్సిపాలిటీ నీళ్లేమో అనుకుంటే ఆ నీళ్లు తాగనివాళ్లు కూడా పడిపోయారు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, నాగపూర్ నుంచి నీరి, ఇంకా పెద్ద పెద్ద సంస్థలన్నీ వచ్చి నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం పట్టుకెళ్లాయి. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండొచ్చనీ, అవి మనుషుల్లోకి ఎలా చేరాయో తేల్చడానికి ఇంకా లోతైన అధ్యయనం కావాలనీ చెప్పారు.

ఆ వారంలో నిపుణుల మధ్య సీసమా, పురుగుమందా, నీళ్లా, కూరగాయలా అని వాదన నడుస్తుంటే, ఆసుపత్రిలో డాక్టర్లూ నర్సులూ వచ్చిన రోగికి వచ్చినట్టు మూర్ఛ తగ్గే మందు ఇచ్చి, తేరుకున్నాక ఇంటికి పంపారు. వార్డుల్లో ఇంటింటి సర్వే జరిగింది. పేరు తెలియని జబ్బుకు కూడా మంచం వేయవచ్చు. "కారణం తేలాక చూద్దాం" అనే మాట మన ఆఫీసుల్లో చాలా గౌరవంగా చలామణీ అవుతుంది. చాలాసార్లు అది ఏమీ చేయకపోవడానికి వాడే మాట. ఏలూరులో వైద్యం విషయంలో ఆ మాట చెల్లలేదు, అందుకు సంతోషం.

ఇదంతా ఒక్కసారిగా వచ్చిపడే జబ్బు సంగతి. నెమ్మదిగా వచ్చేది ఇంకా మోసం. మా దర్శి, పొదిలి వైపు ఫ్లోరైడు సంగతి పెద్దవాళ్లందరికీ తెలుసు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి వైద్య పత్రికల్లో రాసింది 1937లో. దానికంటే ముందు రైతులు గమనించింది తమ ఎడ్లను. వయసులో ఉన్న ఎడ్లు కీళ్లు బిగిసి నడవలేకపోయేవట. ఎద్దు కుంటితే రైతు ఆరా తీశాడు. మనిషి నడుము వంగితే ముసలితనం అనుకున్నారు. గారపళ్లు వస్తే మా ఊరి పళ్లు ఇంతేలే అనుకున్నారు. అందరికీ ఉన్న జబ్బు ఎవరి కంటికీ జబ్బులా కనపడదు. 1937లో తెలిసిన సంగతికి మంచినీళ్ల పైపు రావడానికి దశాబ్దాలు పట్టింది. కొన్ని ఊళ్లకు మేము పుట్టాక వచ్చింది. నల్లగొండ వాళ్లను అడిగితే ఇంతకంటే పెద్ద కథ చెబుతారు.

శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంకో రకం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు జీడి, కొబ్బరి తోటల్లో పని చేసేవాళ్లకు కిడ్నీలు పాడవుతున్నాయని 2000 తర్వాత గట్టిగా వెలుగులోకి వచ్చింది. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, వంశపారంపర్యమా, నొప్పి బిళ్లలా? ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదే కారణమని ఒక్కటి ఇంతవరకూ తేలలేదు. కారణం తేలకుండానే హిరమండలం రిజర్వాయరు నుంచి సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చుతో మంచినీళ్ల పైపులైను వేశారు, 2023 డిసెంబరులో ప్రారంభించారు. రేపు నీళ్లు కారణం కాదని తేలిందనుకోండి, అప్పుడు 700 కోట్లు వృథా అంటారా? మంచినీళ్లు తాగినందుకు ఎవరూ నష్టపోరు. ఆ నిర్ణయం సరైనదే. మా ఫిర్యాదల్లా పదిహేనేళ్ల ముందు ఎందుకు తీసుకోలేదన్నదే.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చూసేవాళ్లు ఉన్నారు, లెక్క తెలిసినవాళ్లు ఉన్నారు. మరి పైకి ఎందుకు చెప్పరు? భయం. హాస్టల్లో పది మందికి వాంతులైతే సాయంత్రానికి వార్డెన్ సస్పెండ్. విచారణ తర్వాత సంగతి. టీవీలో "తక్షణ చర్య" అని అక్షరాలు పరిగెడతాయి. అది చూసిన పక్క మండలం వార్డెన్ ఏం నేర్చుకుంటాడు? సంపు కడిగించాలని నేర్చుకుంటాడని పైవాళ్లు అనుకుంటారు. మాకు తెలిసినంతలో ఆయన నేర్చుకునేది, ఇద్దరికి వాంతులైతే ఆటోలో ఎక్కించి ఇంటికి పంపాలనీ, 108కు ఫోన్ చేస్తే రికార్డవుతుందనీ, ఆయమ్మను నోరు మూసుకోమనాలనీ. మంచి వార్డెన్లు కూడా ఈ భయానికి అతీతులు కారు. మన హాస్టల్లో పనిచేసిన సార్లలో జీతం డబ్బుతో మాకు మందులు కొన్నవాళ్లున్నారు, వాళ్లు కూడా ఫోన్ ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగేవాళ్లు.

భయపెడితే జబ్బు దాక్కుంటుందని 1897 పుణె చూపించింది. ప్లేగు వచ్చిందని అప్పటి ప్రభుత్వం అంటురోగాల చట్టం చేసింది. ర్యాండ్ అనే అధికారి కింద సైనికులను ఇళ్లలోకి పంపింది. వంటిళ్లలోకి, పూజగదుల్లోకి చొరబడి, రోగులను ఈడ్చుకెళ్లి శిబిరాల్లో పడేశారు. జనం ఏం చేశారు? రోగులను దాచారు. చచ్చిపోయినవాళ్లను గుట్టుచప్పుడు కాకుండా పూడ్చారు. జూన్‌లో ర్యాండ్‌ను కాల్చారు. అదే ఊరి శివార్లలో ఆ ఏడాదే సావిత్రీబాయి ఫూలే, డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో కలిసి ప్లేగు రోగులకు చికిత్సాలయం నడిపింది. జబ్బు పడ్డ ఒక దళిత పిల్లవాణ్ణి తానే మోసుకొచ్చిందనీ, ఆ సేవలోనే ప్లేగు అంటుకుందనీ చెబుతారు. 1897 మార్చి 10న చనిపోయింది. ఆమె ఫొటో మన హాస్టళ్లలో చాలావాటిలో ఉంది. జనవరి 3న దండ వేస్తాం, చదువు చెప్పిన తల్లి అని ప్రసంగాలు చేస్తాం. ఆమె ఎలా చనిపోయిందో చెప్పే ప్రసంగం మేము హాస్టల్లో ఉన్నన్నేళ్లలో ఒక్కటీ వినలేదు. దాచుకున్న రోగి ఎవరి దగ్గరికి బయటికి వస్తాడు, ఎవరి దగ్గరికి రాడు అన్నది ఆ రెండు ఇళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అన్నట్టు, ఆ 1897 చట్టాన్నే 2020లో కోవిడ్‌కూ వాడారు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. జబ్బు వచ్చినందుకు శిక్ష వేయకూడదు, దాచినందుకు వేయాలి. మొదటి ఫోన్ చేసిన వార్డెన్ మీద ఆ వారంలో ఏ చర్యా ఉండకూడదు. పిల్లలు కోలుకున్నాక విచారణ పెట్టుకోండి, సంపు ఎందుకు కడిగించలేదో, కాంట్రాక్టరు ఎలాంటి పప్పు పంపాడో తేల్చండి, తప్పుంటే వదలొద్దు. తప్పు చేసినవాణ్ణి కాపాడమంటున్నారా అని కొందరు మిత్రులు మమ్మల్ని నిలదీశారు. కాదు. ఆ మొదటి మూడు రోజులు పిల్లలవి అంటున్నాం. పైవాళ్లు కోపం చూపించుకోవడానికి ఆ తర్వాత నెల మొత్తం ఉంది.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. ప్రతి చిన్నదానికీ గంట కొడితే చివరికి ఎవరూ వినరు కదా? నిజమే. తొందరపాటు కూడా చంపుతుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు, ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామంది ఊరు వదిలారు. దేశం మొత్తం బెదిరిపోయింది. చనిపోయినవాళ్లు 50 మందికి అటూ ఇటూ. కానీ అక్కడ జరిగింది ఎక్కువ తెలియడం వల్ల కాదు. ఎవరికి ఏమి తెలుసో, ఎవరు ఏమి చేయాలో ముందే అనుకోకపోవడం వల్ల పుకారు రాజ్యమేలింది. గంట ఎప్పుడు కొట్టాలో, కొట్టాక ఎవరు ఏం చేయాలో ఒంట్లో బాగున్న రోజునే రాసిపెట్టుకుంటే గందరగోళం ఉండదు. జబ్బు వచ్చిన రోజున ఆలోచించడం మొదలుపెడితే, ఆ రోజు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే నిర్ణయం అవుతుంది.

2018 మే నెలలో కేరళలో నిపా వచ్చినప్పుడు కోళికోడ్‌లోని ఒక ఆసుపత్రి డాక్టర్లు దాన్ని అనుమానించింది ఒకే ఇంట్లో రెండో మనిషిని చూసినప్పుడు. తమ్ముడు అంతకు ముందే అలాంటి జ్వరంతోనే పోయాడని అడిగి తెలుసుకున్నారు. వెంటనే నమూనాలు మణిపాల్‌కు పంపారు, మే 20కల్లా పుణె వైరాలజీ సంస్థ ఖాయం చేసింది. వందల మందిని చూసి కాదు, ఇద్దరిని కలిపి చూసి. మనకు అంత పెద్ద డాక్టర్లు అక్కర్లేదు. "ఇదే బాధ ఇంకెవరికైనా ఉందా?" అని అడిగే అలవాటు ఉంటే చాలు.

మన హాస్టల్‌కు మేము అడిగేది పెద్ద బడ్జెట్టు కాదు. ఒక రిజిస్టరు. తేదీ, పేరు, గది నంబరు, బాధ ఏమిటి, క్రితం రోజు ఎక్కడ తిన్నాడు, ఇంటికి వెళ్లాడా, వెళితే మూడో రోజు ఫోన్ చేసి కనుక్కున్నదేమిటి. ఆ చివరి గడి ముఖ్యం, ఇందాక చెప్పిన చెదిరిపోయే లెక్క అక్కడ దొరుకుతుంది. రోజూ రాత్రి హాజరు పిలిచేటప్పుడే గదికి ఒకరు చెబితే ఐదు నిమిషాల పని. వంట ఆయమ్మకు చదువు రాకపోతే, అన్నం మిగిలిన పూట ఆమె చెబితే రాయడానికి మెస్ కమిటీలో ఒకరు. ఆమె చెప్పింది చాడీ కాదు, రిపోర్టు.

గంట ఎప్పుడు కొట్టాలంటే, వాంతులో విరేచనాలో ఒకే రోజున ముగ్గురికి వస్తే. పచ్చకామెర్లకైతే ముగ్గురి దాకా ఆగక్కర్లేదు, ఒక్కరు చాలు. నెల రోజుల కిందటి నీళ్ల సంగతి ఆ ఒక్కరి కళ్లల్లో కనపడుతోందన్నమాట. ఆ పూటే ఏఎన్ఎం గారికి ఫోన్ వెళ్లాలి. సార్ ఊళ్లో లేకపోతే హాస్టల్ లీడరు చేయాలి, సార్‌ను అడగక్కర్లేదని ముందే కాగితం మీద రాసి సార్ సంతకం పెట్టాలి. ట్యాంకు నీళ్లు తాగడం ఆపి కాచిన నీళ్లు, లేదా ఇరవై లీటర్లకు ఒక క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగిన నీళ్లు తాగాలి. లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ చొప్పున ఓఆర్ఎస్ కలిపి పెట్టాలి. రోజూ వండినవాటిలోంచి తలా ఒక గిన్నెడు మూతపెట్టి మర్నాటి దాకా ఉంచే అలవాటు చేసుకుంటే, వచ్చిన డాక్టరు పరీక్షకు పంపడానికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. ఏమీ కాలేదని తేలితే పోయిందేమిటి? ఒక గుండిగ సాంబారు, ఏఎన్ఎం గారి ఒక పూట శ్రమ. పాపం ఆవిడకు ఆరు ఊళ్ల పని ఉంది, తెలుసు. అందుకే ఊరికే పిలవొద్దనీ, లెక్కతో పిలవమనీ అంటున్నాం.

మా బ్యాచ్ పాత విద్యార్థులం తలా కొంత వేసుకొని రూళ్ల పుస్తకాలు రెండు, క్లోరిన్ బిళ్లల డబ్బా ఒకటి, మలంతో నీళ్లు కలుషితమైతే నల్లగా మారే హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు ఒక డజను కొని వార్డెన్ గారికి ఇచ్చాం. సీసాలో గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు నీడన వెచ్చగా ఉన్న చోట ఉంచాలి. సంపు నీళ్లకు ఒకటి, వంటగది కుళాయికి ఒకటి. జూన్‌లో హాస్టల్ తెరిచిన మొదటి ఆదివారం మొదటి సీసా పెట్టండి. సంపు కడిగిన తేదీ వంటగది బయటి గోడ మీద బొగ్గుతోనైనా రాయండి. రిజిస్టరు అట్ట లోపల ఏఎన్ఎం గారి నంబరుకు గడి వదిలాం, బదిలీలు జరుగుతుంటాయి కాబట్టి పెన్సిలుతో రాయండి.